పళ్ళ తెలుపు కోసం నిమ్మచెక్క వద్దు

వంటింట్లో దొరికే వస్తువు ఏదైనా నిరపాయకరమేనన్న నమ్మకం మనలో బలంగా ఉన్నది. ఆ నమ్మకం మీదనే "పళ్ళు తెల్లబడాలంటే నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దండి" అనే చిట్కా ఎంతోకాలంగా ప్రచారంలో ఉన్నది. ఒకప్పుడు పత్రికలలో అచ్చయ్యేది. నేడు సెల్‌ఫోన్లలో తిరుగుతున్నది. గృహవైద్యం మీద అచంచలమైన గౌరవం గల వైద్యునిగానే ఈ చిట్కాను విడిచిపెట్టమని పాఠకులకు మనవి చేస్తున్నాను.

చింతపండుతో తోమిన రాగిచెంబు తళతళలాడుతుంది. పులుపు పైనున్న చిలుమును కరిగించడమే ఆ మెరుపునకు కారణం. పళ్ళూ అలాగే మెరుస్తాయని చాలామంది భావిస్తారు. కాని నిమ్మరసం వంటింటి కడప బండ మీద ఒలికినప్పుడు ఏమవుతుందో గమనించారా? నునుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది. ఎంత తుడిచినా పోదు. ఆ బండ సున్నపురాయి గనుక పులుపుకు కరిగింది. పంటి మీది పింగాణి పొర, అనగా ఎనామిల్, కాల్షియం ప్రధానంగా గల ఖనిజమే. దానికి రాగిచెంబుతో కంటె కడప బండతోనే పోలిక ఎక్కువ.

మన శరీరంలోకెల్ల గట్టి పదార్థం ఎనామిల్. బరువులో నూటికి సుమారు 96 వంతులు ఖనిజమే. అయినప్పటికీ నోటిలో పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గినచో అది కరగనారంభిస్తుంది. ఈ సంఖ్య తగ్గేకొద్దీ ఆమ్లత్వం హెచ్చుతుంది. నిమ్మరసం పి.హెచ్. 2కు కొంచెం పైన మాత్రమే ఉంటుంది. కోలా పానీయాలది సుమారు 2.5. విరిగిన ఎముక అతుకుతుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్‌లో జీవకణాలు లేవు గనుక పోయిన పొర మరల రాదు. అది పలుచబడగా లోపలి పసుపువన్నె డెంటిన్ పైకి కనిపిస్తుంది. తెలుపు కోరి రుద్దిన వారికి చివరకు దక్కేది పసుపుదనం, చన్నీళ్ళు తగిలితేనే జివ్వుమనే బాధ.

పులుపు ఎక్కువైతే "పళ్ళు పులిశాయి" అంటాము. ఆయుర్వేదంలో దంతహర్షమనే రోగాన్ని ఈ సందర్భంలో స్మరించాలి. సుశ్రుతుడు పలుదోము పుల్లలలో చేదుకు వేపను, వగరుకు చండ్రను, కారానికి కానుగను, తీపికి ఇప్పను శ్రేష్ఠమన్నాడు. ఆ వరుసలో పులుపు లేదు. ఆయుర్వేదం పేరు చెప్పి నిమ్మచెక్కను పళ్ళకు రుద్దమనేవారు ఈ సంగతి గుర్తించాలి.

భోజనంలో పులుపు మానమని నా అభిప్రాయం కాదు. అన్నంలో కలుపుకొనే పులుసుకు భయపడనక్కరలేదు. పెరుగు పులుపైనా, అందులోని కాల్షియం వల్ల ఎనామిల్‌కు హాని బహు స్వల్పం. లాలాజలం ఆమ్లాన్ని విరిచి, మెత్తబడిన పొరకు ఖనిజాన్ని తిరిగి అందిస్తుంది. దానికి వ్యవధి చాలనప్పుడే నష్టం. నిమ్మనీటిని గంటలకొద్దీ గుక్కగుక్కగా త్రాగడం, విటమిన్ సి బిళ్ళలను తరచు చప్పరించడం, పల్చన చేయని వెనిగర్ త్రాగడం ఇట్టివే.

కనుక పుల్లని పానీయాన్ని నోటిలో నిలుపక త్రాగి, వెంటనే మంచినీటితో పుక్కిలించండి. మెత్తబడిన పొర బ్రష్షుకు అరిగిపోతుంది గనుక అరగంట నుండి గంట వరకు పళ్ళు తోమవద్దు. ఇటుకపొడి, బొగ్గుపొడి, గరుకు ఉప్పు వాడవద్దు. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు గల పేస్టు మేలు. పుల్లని త్రేనుపులు, తరచు వాంతులు గలవారికి పై ముందుపళ్ళ లోపలివైపు అరుగుతుంది. అట్టివారు పంటితోపాటు ఆమ్లపిత్తానికీ చికిత్స పొందాలి. పళ్ళు జివ్వుమంటున్నా, అంచులు పలుచబడుతున్నా ఆలస్యం చేయక దంతవైద్యునికి చూపించండి.