అడ్మిన్‌ గారికీ ఒక రాజ్యాంగం కావాలి

జాతీయ రాజకీయాలు రాసుకునేవారికి సినిమా అభిమానుల గ్రూపుల పంచాయతీ ఎందుకని కొందరు మిత్రులు అడుగుతారు. దక్షిణ భారతంలో ఆ రెండింటి మధ్య దూరం ఒక్క పత్రికా ప్రకటన పాటిది గనుక. 1972 అక్టోబరులో ఎం.జి.ఆర్‌. అభిమాన మండ్రాలు అన్నా డీఎంకేకు పునాది అయ్యాయి. 1982 మార్చి 29న ఎన్టీఆర్‌ తెలుగుదేశం ప్రకటిస్తే, మరుసటి ఏడాది జనవరికల్లా ఆ పార్టీ అధికారంలో ఉంది. ఆ ప్రచారానికి కాళ్ళూ చేతులూ అయినవారిలో అభిమాన సంఘాల కుర్రాళ్ళు తక్కువేమీ కాదు. 2008 ఆగస్టులో తిరుపతిలో ప్రజారాజ్యం, 2014 మార్చిలో హైదరాబాదులో జనసేన, 2024 ఫిబ్రవరిలో విజయ్‌ తమిళగ వెట్రి కళగం: అన్నిటికీ తొలి బలగం అభిమానులే. నిన్నటి అభిమాన సంఘం రేపటి జిల్లా కమిటీ. నిన్నటి గ్రూపు అడ్మిన్‌ రేపటి మండల అధ్యక్షుడు. కాబట్టి ఆ గ్రూపులో చర్చ ఎలా నడుస్తున్నది, ఎవరిని మాట్లాడనిస్తున్నారు, ఎవరిని ఏ కారణంతో గెంటేస్తున్నారు అన్నవి ముమ్మాటికీ రాజకీయ ప్రశ్నలే.

నా వాదన సూటిగా చెబుతాను. అభిమాన సమూహం తన చర్చావేదికను రాతపూర్వక నియమాలతో, సభ్యులు ఎన్నుకున్న నిర్వాహకులతో, కారణం చెప్పకుండా ఎవరినీ తొలగించని పద్ధతితో నడుపుకోవాలి. హీరో కార్యాలయం, నిర్మాణ సంస్థ, రాజకీయ పార్టీ, ఈ మూడింటిలో ఏదీ ఆ వేదిక మీద పెత్తనం చేయకూడదు.

ఇప్పుడు నడుస్తున్నదేమిటో అందరికీ తెలుసు. సినిమా ద్వితీయార్ధం సాగదీశారని ఒకడు రాస్తాడు. పది నిమిషాల్లో ‘అవతలి హీరో మనిషి’ అవుతాడు. అరగంటలో అతని ఇంటిపేరును బట్టి కులం లెక్కగడతారు. గంట తిరిగేసరికి గ్రూపులో ఉండడు. వసూళ్ల అంకెలు నమ్మశక్యంగా లేవన్నవాడికీ అదే గతి. కటౌట్లకూ పాలాభిషేకాలకూ పోగుచేసిన చందాల లెక్క అడిగినవాడి గతి అంతకంటే హీనం. ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు, తిరిగి రావాలంటే ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నది తెలియదు. అసలు అడ్మిన్‌ను ఎవరు నియమించారో కూడా తెలియదు. గ్రూపు మొదట తెరిచినవాడి ఫోనే రాజదండం.

ఇక్కడ ఒక చారిత్రక వైచిత్రిని గుర్తుచేయాలి. 1972లో ఎం.జి.ఆర్‌.ను డీఎంకే ఎందుకు బహిష్కరించింది? ఆయన ఆ పార్టీ కోశాధికారి. పార్టీ నాయకులు తమ ఆస్తుల లెక్కలు చెప్పాలని బహిరంగంగా అడిగారు. లెక్కలడిగిన కోశాధికారిని పార్టీ బయటికి పంపితే అభిమానులు ఆయన వెంట నిలిచారు. భారతదేశంలో అతి పెద్ద అభిమాన రాజకీయం పుట్టింది ఒక ప్రశ్న మీద, ఆ ప్రశ్నకు పడిన శిక్ష మీద. ఈనాటి ఏ అభిమాన గ్రూపులోనైనా ఒక కోశాధికారి లేచి అదే ప్రశ్న వేస్తే ఎన్ని నిమిషాలు నిలుస్తాడు?

నోరు మూసుకోవడం అలవాటైన సమూహానికి తన జాతకం తాను రాసుకునే శక్తి ఉండదు. 2009 ఎన్నికల్లో 294 స్థానాల సభలో 18 గెలిచిన ప్రజారాజ్యం, 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అభిమానిగా ఫ్లెక్సీ కట్టి, కార్యకర్తగా ఓటడిగిన మనిషి ఒక్క ప్రకటనతో తాను ఎవరి మీద పోరాడాడో ఆ పార్టీ మనిషి కావలసివచ్చింది. ఆ మార్పును నిలదీయడానికి అతని చేతిలో ఏ సాధనమూ లేదు. 2017 డిసెంబరు 31న రాజకీయాల్లోకి వస్తున్నానన్న రజనీకాంత్‌ 2020 డిసెంబరులో రావడం లేదన్నారు; 2021 జూలైలో మక్కళ్‌ మండ్రాన్నే రద్దుచేసి తిరిగి అభిమాన సంఘంగా మార్చారు. 2020 నవంబరులో విజయ్‌ పేరుతో ఆయన తండ్రి పార్టీ నమోదుకు దరఖాస్తు చేస్తే, దానితో తనకు సంబంధం లేదని, అందులో చేరవద్దని విజయ్‌ అభిమానులకు చెప్పవలసివచ్చింది. రావడం, పోవడం ఆ నటుల ఇష్టం, హక్కు కూడా. కానీ లక్షలమంది ఏళ్ళ తరబడి చెమటోడ్చి కట్టిన సంస్థలో ఆ లక్షలమందికి ఒక్క మాట చెప్పుకునే చోటైనా లేకపోవడం ఏ హక్కు కిందకు వస్తుంది?

దీని మూల్యం కొన్నిసార్లు ప్రాణాలతోనే చెల్లుతున్నది. 2024 డిసెంబరు 4న హైదరాబాదు సంధ్య థియేటర్‌ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. 2025 సెప్టెంబరు 27న కరూర్‌ సభలో 41 మంది చనిపోయారు. బాధ్యత ఎవరిదో తేల్చవలసింది దర్యాప్తులూ న్యాయస్థానాలూ. నేను చెప్పేది అంతకు ముందటి మాట. ‘ఇంతమంది ఒక్కచోట వద్దు, పిల్లలతో రావద్దు, ఈ కార్యక్రమం మానుకుందాం’ అని సమూహం లోపలినుంచే అనగలిగే గొంతు ఒకటి బతికి ఉండాలి. ఆ మాట అన్నవాడిని పిరికివాడని, ద్రోహి అని గెంటేసే చోట ఆ గొంతు ఎలా బతుకుతుంది?

దీనికి మొదటి అభ్యంతరం: ‘ఇది మా ఇల్లు. మా ఇంట్లో మా ఇష్టం.’ నలుగురు స్నేహితుల గ్రూపైతే ఒప్పుకుంటాను. వేలమంది సభ్యులతో, చందాలతో, జిల్లా శాఖలతో, హ్యాష్‌ట్యాగ్‌ యుద్ధాలతో నడిచేది ఇల్లు కాదు, సంస్థ. 2021 సమాచార సాంకేతిక నియమాల ప్రకారం, 50 లక్షలకు మించి నమోదైన వినియోగదారులున్న సామాజిక మాధ్యమ కంపెనీ తనంత తానుగా ఒకరి పోస్టు తొలగిస్తే కారణం తెలియజేయాలి, దాన్ని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. లాభం కోసం నడిచే విదేశీ కంపెనీ మనకు ఇవ్వవలసిన పాటి మర్యాదను, ‘తమ్ముడూ, బ్రదరూ’ అని పిలుచుకునే అభిమానులు ఒకరికొకరు ఇచ్చుకోలేరా? సభ్యుడెవడో రాసినదానికి తాము జైలుకు పోతామన్న భయాన్ని కొందరు అడ్మిన్లు అడ్డం పెట్టుకుంటారు. ఇతరులు పెట్టిన పోస్టుకు కేవలం అడ్మిన్‌ అయినందుకు శిక్ష ఉండదని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆ సాకు కూడా చెల్లదు.

రెండో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది: ‘నియమాలే వద్దు. ఎవరేమన్నా అననివ్వండి. అదే స్వేచ్ఛ.’ వినడానికి బాగుంటుంది. 2021 అక్టోబరు 24న పాకిస్తాన్‌ చేతిలో ఓడిన రాత్రి మహమ్మద్‌ షమీ మీద కురిసిన బూతులను గుర్తుచేసుకోండి. మరుసటి ఏడాది ఆసియా కప్‌లో ఒక్క క్యాచ్‌ వదిలినందుకు అర్ష్‌దీప్‌ సింగ్‌ను ఖలిస్తానీ అన్నారు. అది ఆట మీద విమర్శ కాదు, మతం పేరుతో సాగిన వేట. హీరోయిన్‌ గురించి, అవతలి హీరో ఇంటి ఆడవాళ్ళ గురించి రాతలు ఏ స్థాయిలో ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. అటువంటి చోట మహిళలు ఒక్కొక్కరే మౌనంగా తప్పుకుంటారు. వారిని ఎవరూ తొలగించలేదు కాబట్టి స్వేచ్ఛ చెక్కుచెదరలేదని మనం అనుకుంటాం. నియమం లేని చోట బలవంతుడి మాటే నియమం. ఊరి రచ్చబండ మీద రాతపూర్వక నిబంధన ఏదీ ఉండేది కాదు. అయినా దాని మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో, ఎవరు అటు రానేకూడదో అందరికీ తెలుసు.

మూడో మాట: ‘ప్రభుత్వమే చూసుకోవాలి.’ ఆ ముచ్చటా తీరింది. 66ఎ సెక్షన్‌ ఏం చేసిందో తెలియాలంటే 2012 నవంబరును తలచుకోవాలి. బాల్‌ ఠాక్రే మరణానంతరం జరిగిన బంద్‌ను ప్రశ్నిస్తూ పాల్ఘర్‌లో ఒక యువతి ఫేస్‌బుక్‌లో రాసింది. దాన్ని ఇంకో యువతి ‘లైక్‌’ చేసింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్‌ కేసులో ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. అభిమానుల మనోభావాలకు పోలీసును కాపలా పెడితే జరిగేది అదే. సమూహం తన వ్యవహారాన్ని తానే న్యాయంగా చక్కబెట్టుకోనప్పుడు పోలీసుకో, కంపెనీకో, పార్టీకో తలుపు తెరిచినట్టే.

మరి ఎలా నడపాలి? నమూనా కోసం ఎక్కడికో పోనక్కరలేదు. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాను చూడండి. జీతం లేని ఔత్సాహికులు నడుపుతున్నదే. నిర్వాహకులను సముదాయమే బహిరంగ చర్చలో, ఓటుతో ఎంచుకుంటుంది. ఎవరు ఏ పేజీని తొలగించారో, ఎవరిని నిరోధించారో చిట్టాలో కనిపిస్తుంది. విధానాల మీద వాదోపవాదాలు జరిగే పేజీ పేరు రచ్చబండ. ఈసారి ఆ బండ మీద ఎవరైనా కూర్చోవచ్చు. అక్కడా కలహాలుంటాయి, అలకలుంటాయి. కానీ కలహం జరిగిన తీరు నలుగురికీ కనబడేలా నమోదవుతుంది.

అభిమాన సమూహాలకు ఆ పాటి పద్ధతి చాలు. ఏది రాయకూడదో ముందే ఒక్క పుటలో రాసిపెట్టాలి: కులదూషణ, మతదూషణ, స్త్రీలను కించపరచడం, బెదిరింపు, ఇతరుల ఫోను నంబర్లూ చిరునామాలూ బయటపెట్టడం. హీరోను, సినిమాను, సంఘాన్ని, అడ్మిన్‌ను విమర్శించడం ఆ జాబితాలో ఉండకూడదు. నిర్వాహకులను ఏడాదికోసారి ఎన్నుకోవాలి. ఒకే మనిషి వరుసగా రెండు విడతలకు మించి ఉండకూడదు. హీరో దగ్గర గాని, నిర్మాత దగ్గర గాని, పార్టీలో గాని జీతమో పదవో ఉన్నవారు నిర్వాహకులు కాకూడదు. తొలగించిన ప్రతిసారీ ఏ నియమం కింద తొలగించారో అందరికీ కనబడేలా రాయాలి. తొలగింపుకు గురైనవారి మొర వినేవారు, తొలగించినవారు కాక వేరెవరైనా అయ్యుండాలి. చందాల లెక్కలు నెలనెలా పెట్టాలి. రక్తదాన శిబిరాలు నడిపినవారికి, తుఫాను వస్తే అన్నం పొట్లాలు మోసినవారికి ఇది చేతకాదంటే నేను నమ్మను.

నాయకుడి పట్ల భక్తి మతంలో ముక్తిమార్గం కావచ్చుగాని రాజకీయాల్లో పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి అని 1949 నవంబరు 25న అంబేడ్కర్‌ రాజ్యాంగ సభను హెచ్చరించారు. ఆ హెచ్చరికను మన పార్టీలు ఎంత లక్ష్యపెట్టాయో చూస్తూనే ఉన్నాం. 2022 జూలైలో వైఎస్సార్‌ కాంగ్రెస్‌ తన అధినేతను జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, శాశ్వత పదవులు కుదరవని ఎన్నికల సంఘం చెప్పవలసివచ్చింది. తక్కిన పార్టీలు ఆ మాట తీర్మానంలో రాయవు, అంతే తేడా. ఏకగ్రీవంగా ఎన్నిక కావడం తప్ప వేరే విధంగా ఎన్నికైన అధ్యక్షుడు మన ప్రాంతీయ పార్టీల్లో ఎవరున్నారో వెతకండి.

పార్టీలను లోపలినుంచి ప్రజాస్వామికం చేయాలని ఎన్నికల సంస్కరణల నివేదికలు దశాబ్దాలుగా ఘోషిస్తున్నాయి. అవి పార్టీ కార్యాలయం గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళే కుర్రవాడు ఇరవయ్యేళ్ళ వయసులో అభిమాన గ్రూపులో ఏం నేర్చుకున్నాడో దాన్నే వెంట తీసుకుపోతాడు. ప్రశ్నించినవాడిని తీసేయడం నేర్చుకుంటే రేపు మండల స్థాయిలోనూ, ఎల్లుండి శాసనసభలోనూ అదే చేస్తాడు. తనకు నచ్చని మాట అన్నవాడి పేరు పక్కన కారణం రాసి, అతని జవాబు విని, తర్వాత నిర్ణయించడం నేర్చుకుంటే అదీ వెంట వస్తుంది. ఏ అభిమాన సంఘమైనా వచ్చే సినిమా విడుదలకు కటౌట్‌ ఎన్ని అడుగులుండాలో తేల్చే ముందు, తన అడ్మిన్‌ను ఎవరు ఎన్నుకున్నారో తేల్చుకోవాలి.