మ్యూనిక్‌లో మొట్టికాయ, న్యూజెర్సీలో బొప్పి

మొన్న శనివారం ఒక మిత్రుడింట్లో పొట్లక్‌కి వెళ్ళాం. బిరియానీ ట్రే చుట్టూ చేరిన సాఫ్ట్‌వేర్ జీవులు మామూలుగా మాట్లాడుకునేవి మూడే విషయాలు: గ్రీన్‌కార్డు, ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీ ఫీజులు. ఈసారి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో గానీ యూరప్ పేటెంట్ కోర్టు సంగతి వచ్చింది. ఒక పెద్ద కంపెనీలో డైరెక్టరుగా ఉన్న ఆయన, గరిటె పట్టుకునే తీర్పు చెప్పేశారు. "యూరప్‌వాళ్ళకి మన కంపెనీలంటే కడుపుమంటండీ. నిన్నటిదాకా జరిమానాలు వేశారు, ఇప్పుడు ఏకంగా కోర్టే కట్టుకున్నారు." పక్కనున్న వాళ్ళంతా తలలూపారు. నాకు తిక్కరేగింది గానీ మా ఆవిడ దూరం నుంచే కళ్ళతో వద్దంది కాబట్టి అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోదలుచుకోలేదు.

ముందు ఆ కోర్టు సంగతేమిటో చెప్పాలి. యూరప్‌లో పేటెంటు ఇచ్చే ఆఫీసు మ్యూనిక్‌లో ఎప్పట్నుంచో ఒకటే ఉంది. కానీ ఇచ్చిన మరుక్షణం ఆ పేటెంటు దేశానికో ముక్కగా విడిపోయేది. మన ఊళ్ళల్లో ఒకే ఆసామికి నాలుగు మండలాల్లో పొలం ఉంటే ఎలాగో అలాగన్నమాట. గట్టు జరిపినవాడి మీద నాలుగు చోట్లా నాలుగు దావాలు వెయ్యాలి, నలుగురు ప్లీడర్లని పెట్టుకోవాలి, ఒకచోట గెలిచి ఇంకోచోట ఓడిపోవచ్చు కూడా. ఈ గొడవ తప్పించడానికి 2013 ఫిబ్రవరి 19న యూరోపియన్ యూనియన్‌లోని దేశాలు ఉమ్మడి కోర్టు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. స్పెయిన్, పోలండ్ దూరంగా నిలబడ్డాయి. ఆ తర్వాత బ్రెగ్జిట్ వచ్చింది. 2020లో బ్రిటన్ బయటికి నడిచింది, లండన్‌కి రావలసిన శాఖ చివరికి మిలాన్‌కి పోయింది. అదే ఏడాది జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తమ పార్లమెంటు వేసిన వోటే చెల్లదంది. ఇన్ని పురిటినొప్పుల తర్వాత 2023 జూన్ 1న 17 దేశాలతో తలుపులు తెరిచారు. 2024 సెప్టెంబరులో రుమేనియా చేరాక 18 అయ్యాయి. పై కోర్టు లక్సెంబర్గ్‌లో ఉంది. మన అమెరికన్ కంపెనీలు ఎన్నో యూరప్ కాపురం పెట్టిన ఐర్లండ్ మాత్రం ఇందులో లేదు. 2024 జూన్‌లో జరపాల్సిన ప్రజాభిప్రాయ సేకరణని వాయిదా వేసుకుంది.

ఈ కోర్టు బలమంతా ఒక్కటే: ఒక్క కాగితం మీద అన్ని దేశాల్లోనూ సరుకు అమ్మకుండా ఆపగలదు. అలాగే ఒక్క కాగితం మీద పేటెంటునే అన్ని దేశాల్లోనూ కొట్టిపారెయ్యగలదు. నాలుగు మండలాల పొలమూ ఒకే పూట వస్తుంది, లేదా ఒకే పూట పోతుంది. ఆ భయం ఉన్నవాళ్ళకి, పాత పద్ధతిలో తీసుకున్న పేటెంట్లని మొదటి ఏడేళ్ళూ ఈ కోర్టు పరిధి నుంచి తప్పించుకునే వెసులుబాటు ఇచ్చారు.

ఇప్పుడు ఆ డైరెక్టరుగారి మాట చూద్దాం. ఇది అమెరికన్ కంపెనీల మీద పగతో పెట్టిన కోర్టట. మరి అమెరికన్ కంపెనీలు అక్కడికి దొంగచూపులు చూస్తూ, కాళ్ళీడ్చుకుంటూ వెళుతున్నాయా? తలుపు తెరవగానే క్యూలో ముందు నిలబడ్డది వాళ్ళే. కోర్టు పెట్టిన మొదటి నెలల్లోనే పేరుపడ్డ కేసు చూడండి. ఫిర్యాది కాలిఫోర్నియాకి చెందిన టెన్ఎక్స్ జీనోమిక్స్, దానికి తోడు సాక్షాత్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయం. ప్రతివాది సియాటిల్‌లోని నానోస్ట్రింగ్. ఇద్దరూ ఇక్కడివాళ్ళే, కొట్టుకున్నది మ్యూనిక్‌లో. 2023 సెప్టెంబరు 19న, పూర్తి విచారణ జరగకుండానే, నానోస్ట్రింగ్ యంత్రాల అమ్మకం మీద మధ్యంతర నిషేధం వచ్చింది. అప్పటికి ఉన్న 17 దేశాలకీ ఒకే దెబ్బ. 2024 ఫిబ్రవరి 4న నానోస్ట్రింగ్ దివాలా కోర్టుకెక్కింది. సరిగ్గా 22 రోజుల తర్వాత, ఫిబ్రవరి 26న, లక్సెంబర్గ్ పై కోర్టు ఆ నిషేధం ఎత్తేసింది. కారణం ఏమంటే, ఆ పేటెంటు అసలు విచారణలో నిలబడకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని.

ఒక్క మ్యూనిక్ వల్లే ఆ కంపెనీ మునిగిందని నేననను. 2023 నవంబరులో డెలావేర్ జ్యూరీ కూడా 3 కోట్ల డాలర్ల పైచిలుకు వడ్డించింది. కానీ అమ్మకాలు ఆగిన ఆ అయిదు నెలలూ తిరిగి ఇచ్చేదెవరు? అప్పీలు గెలిచేనాటికి కంపెనీ దివాలా కోర్టులో ఉంది, మే నెలలో బ్రూకర్ దాన్ని కొనుక్కుంది. కోర్టుని తిట్టదలిస్తే ఈ విషయంలో తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. పూర్తిగా వినకుండా ఊపిరి తీసే అధికారం ఎంత పొదుపుగా వాడాలో, కళ్ళు తెరిచిన మొదటి వేసవిలోనే తెలియకపోవడం చిన్న తప్పు కాదు. కానీ దీన్ని యూరప్‌వాళ్ళు అమెరికావాళ్ళకి చేసిన ద్రోహమంటే ఎలా? ఆ తుపాకీ పేల్చినవాడూ మనవాడే కదా.

ఇంకోటి. ఎడ్వర్డ్స్ లైఫ్‌సైన్సెస్ కాలిఫోర్నియా కంపెనీ, గుండె కవాటాలు చేస్తుంది. గుజరాత్‌కి చెందిన మెరిల్ కూడా అవే చేస్తుంది. ఎడ్వర్డ్స్ ఈ కోర్టుకే వెళ్ళి 2024 నవంబరులో మెరిల్ కవాటాల మీద నిషేధం తెచ్చుకుంది. వేరే గతిలేని రోగుల కోసం బాగా పెద్ద సైజు కవాటాలని మాత్రం జడ్జీలు మినహాయించారు. అప్పుడు మా డైరెక్టరుగారి కడుపుమంట సిద్ధాంతం ఎక్కడికి పోయింది? మన దేశపు కంపెనీని అమెరికన్ కంపెనీ ఆపితే అది మేధోహక్కుల రక్షణ, అమెరికన్ కంపెనీని ఇంకెవరైనా ఆపితే అది కక్షా?

ఆమ్‌జెన్ కథ మరీ ముచ్చటైనది. కొలెస్ట్రాల్ మందు మీద ఆ కంపెనీ పేటెంట్లని 2023 మే 18న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా చెల్లవన్నారు. రెండు వారాలు తిరక్కుండా, ఉమ్మడి కోర్టు తెరిచిన తొలిరోజునే సనోఫీ వెళ్ళి, అదే మందుకు సంబంధించిన యూరప్ పేటెంటునీ కొట్టెయ్యమంది. 2024 జులైలో కింది కోర్టు కొట్టేసింది. 2025 నవంబరులో పై కోర్టు తిప్పికొట్టి, పేటెంటు చెల్లుతుందంది. అంటే సొంత ఊళ్ళో ఓడినవాడికి పొరుగూరి పెద్దమనుషులు ఆస్తి నిలబెట్టి ఇచ్చారు. కక్షగట్టినవాళ్ళు చేసే పనేనా ఇది?

అసలు ఊరంతటికీ అన్యాయం చేసే కోర్టు అంటే ఏమిటో మనకి తెలియదా? టెక్సాస్‌లో మార్షల్ అని చిన్న ఊరు ఉంది. ఏళ్ళ తరబడి దేశం నలుమూలల నుంచీ పేటెంటు వ్యాజ్యాలు అక్కడికి ప్రవహించాయి. ఆ ఊళ్ళో ఒక్క లైను కోడు రాయనివాళ్ళు, కాగితం మీద పేటెంటు తప్ప సరుకు లేనివాళ్ళు, మిగతావాళ్ళని అక్కడికి ఈడ్చారు. 2006లో ఈబే కేసులో సుప్రీంకోర్టు, పేటెంటు ఉన్నంతమాత్రాన అమ్మకాలు ఆపించే హక్కు దానంతటదే రాదు, నాలుగు విషయాలు తూచి చూడాలి అన్న తర్వాత వాళ్ళ కోరలు కొంత అరిగాయి. మ్యూనిక్, మాన్‌హైమ్ జడ్జీలకి ఆ తూకం అలవాటు లేదు. ఉల్లంఘన తేలితే నిషేధమే వాళ్ళ ఆనవాయితీ. కోరలరిగినవాళ్ళు ఎటు చూస్తారో ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. అయితే ఆ జాతిని పెంచి పోషించి ఎగుమతి చేసింది ఎవరో కూడా ఒప్పుకోవాలి.

అమెరికన్ కంపెనీలకి దెబ్బలు తగలట్లేదని కాదు. 2024 డిసెంబరులో వైఫై 6 పేటెంటు మీద హువావే వాళ్ళు నెట్‌గేర్‌ని మ్యూనిక్‌లో ఓడించారు. నెల తిరిగేలోపే నెట్‌గేర్ రాజీకొచ్చింది. 2025 జులైలో మాన్‌హైమ్ వాళ్ళు ఫ్యూజీఫిల్మ్ కేసులో కొడాక్ జర్మన్ శాఖలు బ్రిటన్‌లో చేసిన వ్యాపారాన్ని కూడా తప్పుపట్టారు. బ్రిటన్ ఆ కోర్టులోనే లేదు! ప్రతివాది కాపురం మన పరిధిలో ఉంటే అతను పొరుగూళ్ళో చేసిన పనిని కూడా విచారిస్తామన్నమాట. ఇది మాత్రం నిజంగా చెయ్యి చాచడమే, దీన్ని అడగాల్సిందే.

కానీ ఈ నెట్‌గేర్లూ కొడాక్‌లూ బతుకుతాయి. వాళ్ళకి లాయర్లున్నారు. నా ఏడుపు వేరు. ఇంతకీ నాకీ సోదంతా ఎందుకంటే...

మాది ఆరుగురి కంపెనీ. నేనూ, మా బావమరిదీ, మరో నలుగురు కుర్రాళ్ళు. గోదాముల్లో వాడే చేతి స్కానర్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. స్కానర్లు అమ్మే క్లయింటు కంపెనీకి జర్మనీలో, హాలండులో కొనేవాళ్ళున్నారు. ఏటా ఒప్పందం తిరగరాసుకున్నప్పుడల్లా అందులో పద్నాలుగో పేజీలో ఒక పేరా ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడైనా, ఎవరైనా, మా సాఫ్ట్‌వేర్ వల్ల పేటెంటు దావా వేస్తే ఖర్చులూ నష్టాలూ అన్నీ మేమే భరించాలి, దానికి పరిమితి లేదు అని. ఏళ్ళ తరబడి దాని మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను. పురోహితుడు చెప్పమన్న మంత్రం చెప్పినట్టు. "ప్రపంచంలో ఎక్కడైనా" అన్నది అప్పట్లో ఉత్త మాట. దేశానికో దావా వేసి మా స్కానరు ప్రోగ్రాముని వేటాడే తీరిక ఎవడికుంది?

ఇప్పుడు ఆ ఖర్చు ఒక్క దావాకి తగ్గింది. కంప్యూటర్ ప్రోగ్రాములకి వాటంతట వాటికి పేటెంటు ఇవ్వకూడదని యూరప్ చట్టంలో ఉన్న మాట నిజమే. 2005 జులైలో యూరప్ పార్లమెంటు సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ముసాయిదాని 648కి 14 వోట్లతో తిప్పికొట్టినప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం కూడా. కానీ ఏదో ఒక యంత్రానికి ముడిపెట్టి, సాంకేతిక ప్రయోజనం చూపిస్తే పేటెంటు వస్తూనే ఉంది. స్కానరుకి ముడిపడ్డ ప్రోగ్రామంటే మాదే కదా! దావా చేతికొచ్చాక జవాబుకి మూడు నెలలు. ఏడాదికి అటూ ఇటూగా తీర్పు. ఇక్కడిలా ఎవరి లాయరుకి వాళ్ళు కట్టుకోవడం కాదు, ఓడినవాడు గెలిచినవాడి ఖర్చు కూడా ఇచ్చుకోవాలి. 10 లక్షల యూరోల కేసులో ఆ ఖర్చుకి గరిష్ఠ పరిమితి 1,12,000 యూరోలు. మా ఇన్సూరెన్సు పాలసీలో పేటెంట్లని స్పష్టంగా మినహాయించారు, ఫోను చేసి మరీ కనుక్కున్నాను.

ఈ దేశంలో నాలాంటి చిన్న కన్సల్టింగ్ కంపెనీలు నడుపుకుంటున్న తెలుగువాళ్ళు ఎందరున్నారో మీకు తెలుసు. పెద్ద కంపెనీలు ఒక పక్క యూరప్ కోర్టు మా గొంతు నులుముతోందని వాషింగ్టన్‌లో ఏడుస్తూ, ఇంకో పక్క ఆ ప్రమాదాన్ని పద్నాలుగో పేజీలోంచి మన నెత్తికి జారవేస్తున్నాయి. మ్యూనిక్ వేసే మొట్టికాయకి బొప్పి కట్టేది మనకి. దాని గురించి ఆ పొట్లక్‌లో ఒక్కరూ మాట్లాడలేదు, వాళ్ళల్లో ముగ్గురికి సొంత కంపెనీలున్నా.

ఈసారి ఆ పేరా కొట్టేసి, మా బాధ్యత మేము ఆ ఏడాది తీసుకున్న ఫీజు దాటకూడదని, యూరప్ అమ్మకాలకి పూచీ వాళ్ళదేనని రాసి పంపాను. మా బావమరిది లబలబలాడాడు. "బావా, ఇన్నాళ్ళూ పెట్టని సంతకమా? కాంట్రాక్టు పోతే కుర్రాళ్ళ జీతాలెవరిస్తారు?" అని. వాడి భయమూ న్యాయమైనదే. నలుగురిలో ఇద్దరు హెచ్1 మీద ఉన్నారు.

కాగితం పంపి పదిహేడు రోజులైంది. క్లయింటు లాయరు నుంచి ఒక్క లైను మాత్రం వచ్చింది, పరిశీలిస్తున్నామని. పాత ఒప్పందం నెలాఖరుతో అయిపోతుంది.