కంటికి గానవచ్చు పలుకు



పలుకు చెవికే కాని కంటికి దొరకదని మనము తలంతుము. నేనును నిన్నమొన్నటివరకు నట్లే తలచితిని.

మా చిన్నవాడు ‘శంకరుడు’ అనుమన్న ‘సంకరుడు’ అనుచుండును. శకారము తాలవ్యము, సకారము దంత్యము అని నేను నిత్యము మందలించుచుంటిని. వాడు కన్నీరు పెట్టుకొనుటయే కాని పలుకు మారదయ్యెను. అది చూచి మావారొక సాయంకాలము మా యిద్దరి మాటలను కంప్యూటరులో రికార్డుచేసి, ‘ప్రాట్’ అను సాధనముతో వాని చిత్రమును చూపిరి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమునకు జెందిన బోర్స్మా, వీనింక్ అను పండితులు దానిని నిర్మించి యెల్లరకు నుచితముగా నొసంగిరి.

ఈ చిత్రమునకు స్పెక్ట్రోగ్రామ్ అని పేరు. ఇందులో ఎడమనుండి కుడికి కాలము నడచును. క్రిందినుండి మీదికి పోయినకొలది కంపనముల వేగము హెచ్చును. ధ్వని బలమైనచోట నలుపు చిక్కనగును. అచ్చులు అడ్డచారలుగా నగపడును. ‘ఆ’ యనునపుడు క్రింది రెండు చారలు దగ్గరగాను, ‘ఈ’ యనునపుడు ఎడముగాను ఉండును. ‘అక్క’ యనినచో నడుమ తెల్లని ఖాళీ కనబడును. ద్విత్వములో నింత మౌనమున్నదని నాకప్పుడు తెలిసినది! సకారము చాల ఎత్తున, సెకనునకు సుమారు 4000 కంపనములకు పైన, మరకవలె నిలుచును. శకారపు మరక యంతకంటె క్రిందనే మొదలగును.

ఇట్టి చిత్రములు గీయు యంత్రమును రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు నిర్మించిరి. వినికిడి లేనివారు పలుకును కంటితో చదువగలుగుదురను ఆశయు వారికుండెను. 1947లో ‘విజిబుల్ స్పీచ్’ అను గ్రంథమును ప్రకటించిన మువ్వురిలో హారియట్ గ్రీన్ అను స్త్రీ యొకరు.

ఇక మా యింటి సంగతి. నేను శ్రద్ధగా పలికిన ‘శంకరుడు’ సరిగానే యుండెను. కాని రికార్డు ఇంకను నడచుచున్నదని మరచి, “శంకరుని గుడికి పోదము, రారా!” అని వానిని పిలిచితిని. ఆ మాట చిత్రమును జూచి తెల్లబోతిని. మరక పిల్లవాని మరకవలెనే పైకెగసి యున్నది! వాడు నేర్చినది నా నోటినుండియే.

“తప్పు నాదేరా, నాయనా” అని వానిని దగ్గరకు దీసికొంటిని. ఇప్పుడు దినమున కైదు నిమిషములు ఇద్దరమును గూర్చుండి, నాలుకను అంగిటివైపు ఎత్తి ‘శ’ యనియు, పండ్లచెంతకు దెచ్చి ‘స’ యనియు పలుకుచున్నాము. వాని కన్నీరు ఆగినది, నవ్వు వచ్చినది.

చిత్రము ఎవరిని మందలింపదు. ఉన్నది ఉన్నట్లు చూపును. బిడ్డ నాలుకను దిద్దబోవు తల్లి తొలుత తన పలుకును తాను వినవలెనని నా మనవి.