రా అంటే వచ్చాడు, గో అంటే వెంట్



గత నెల గాజువాక అవతల ఒక నిర్వాసితుల కాలనీలో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాము. ఆ ఇంటి యజమాని ఓడరేవులో కూలిపని చేస్తాడు. ప్రార్థన ముగిశాక తొమ్మిదవ తరగతి చదివే కూతురిని చూపి, "అయ్యగారూ, ఇది బడి మానేస్తానంటోంది. మీరైనా చెప్పండి" అన్నాడు. సంగతేమంటే, తరగతిలో "గో"కు భూతకాలము అడిగితే పిల్ల "గోడ్" అన్నదట. అందరూ నవ్వారట. ఆనాటి నుండి ఇంగ్లీషు పీరియడులో నోరు విప్పదు.

మేము నవ్వలేదు. డిప్లొమా చదివే రోజులలో ఒక విదేశీ అతిథి ఎదుట "టీచ్డ్" అని ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక తల ఎత్తలేకపోయిన వారము మేము.

"తల్లీ, నీ తమ్ముణ్ణి 'రా' అని పిలుస్తావు. వాడు వచ్చాక 'రాయాడు' అంటావా?" అని అడిగాము. పిల్ల ఫక్కున నవ్వింది. 'తే' అంటే 'తెచ్చాడు', 'తేయాడు' కాదు. ఇవి మనకెవరూ పలకమీద వ్రాయించలేదు, అమ్మ నోట విన్నాము. 1805లో లండను మిషను వారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ దొరలు విశాఖపట్నము వచ్చి తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు సహాయముతో సువార్తలు తర్జుమా చేయబూనినప్పుడు వారికీ ఈ 'రా', 'వచ్చాడు' ఎదురుపడే ఉంటాయి!

అసలు 'వెంట్' అనేది 'గో' కన్నబిడ్డ కాదు. 'వెండ్' అను పాత క్రియ బిడ్డ, 'గో' ఇంటికి దత్తు వచ్చింది. నిత్యము నోట నానే మాటలే పాత రూపము నిలుపుకొంటాయి. అంతగా నానని వాటికి మెల్లగా 'ఎడ్' చేరిపోతుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో మరియమ్మ కీర్తనలో 'హోల్పెన్' అని ఉన్నది. నేడు అందరూ 'హెల్ప్డ్' అంటారు.

పట్టీ అంతా ఎక్కముల వలె ఒక్కసారి బట్టీ పట్టించకండి. ధ్వనినిబట్టి జతచేయండి: సింగ్ సాంగ్ సంగ్, రింగ్ రాంగ్ రంగ్. బ్రింగ్ బ్రాట్, బై బాట్, థింక్ థాట్. కట్, పుట్, షట్ మారనే మారవు. 'రీడ్' వ్రాతలో మారదు గాని చదివేటప్పుడు 'రెడ్' అవుతుంది.

మన పిల్లలు ఎక్కువగా తప్పేది "డిడ్ నాట్ వెంట్" దగ్గర. 'డిడ్' వచ్చిందంటే భూతకాలము అదే మోస్తుంది, వెనుక 'గో' చాలు. మనమూ "వెళ్ళలేదు" అంటాము గాని "వెళ్ళాడులేదు" అనము గదా.

ఈస్టరు దినాన పెద్దలు కూడా తడబడే జత ఒకటున్నది. ప్రభువు లేచెను అంటే 'రోజ్', తండ్రి ఆయనను లేపెను అంటే 'రెయిజ్డ్'. తెలుగులో ఒక్క అక్షరమే తేడా.

వచ్చేటప్పుడు ఆ పిల్ల గుమ్మము దాకా వచ్చి, "అయ్యగారూ, మరి టీచ్‌కు ఏమిటండీ?" అన్నది.

"టాట్" అన్నాము. ఈసారి తప్పలేదు.