ఫారంలో లేని జబ్బు



ఏ ఊరికి ఏ జబ్బు బెడదో ముందు తెలుసుకుని ఆ తర్వాతే వైద్యం ఏర్పాటు చెయ్యాలని అందరూ అంటారు. తెలుసుకునే పద్ధతి దగ్గరే నాకు పేచీ. దేశమంతటికీ ఒకటే ఫారం: ముప్పై దాటినవాళ్లకి బీపీ, షుగరు, మూడు రకాల క్యాన్సర్లు. అది పట్టుకుని శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతానికి వస్తే మా కిడ్నీ జబ్బు దొరకదు.

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీలు పాడైనవాళ్లలో చాలామందికి షుగరు లేదు. మొదట్లో బీపీ కూడా ఉండదు. పొద్దంతా జీడితోటలో పని చేసి, నడుం నొప్పంటే మాత్ర మింగి పడుకుంటారు. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు గనక ఆ పరీక్షనూ నమ్మలేం. రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే. అది పెరిగిందంటే కిడ్నీలు అప్పటికే సగం పని మానేసినట్టు.

2017లో ఊరూరా రక్తపరీక్షలు చేశారు, కాదనను. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం నుంచి నీళ్ల పథకమూ వచ్చింది. సంతోషమే. కానీ కారణం ఈనాటికీ తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఏటా అదే మనిషికి అదే పరీక్ష చేస్తేనే కదా జబ్బు ఎవరికి, ఏ వయసులో, ఏ బావి నీళ్లు తాగే ఇంట్లో మొదలైందో తెలిసేది!

ఇంకో సంగతి. పడకలు ఎన్ని నిండాయో చూసి అవసరం కొలుస్తున్నారు. డయాలసిస్‌కి వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. తోడు వచ్చే మనిషికీ ఆ రోజు కూలి పోతుంది. ఆటో కిరాయికి లేక మానేసినవాడు ఏ రిజిస్టరులో ఉన్నాడు? వాడి ఇల్లు మా ఊరి ఆశా కార్యకర్తకి తెలుసు. పంచాయతీ మరణాల రిజిస్టరు ముందేసుకుని, ఆమెనీ ఏఎన్ఎంనీ పోయినవాళ్ల ఇంటి ఆడవాళ్లనీ కూర్చోబెట్టి అడిగితే ఒక్క పూట పని.

మా మండలాల వరకైనా ఆ ఫారంలో క్రియాటినిన్‌కి ఒక గడి చేర్చి, ముప్పై దాకా ఆగకుండా ఇరవై నుంచే చూడమని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా