త్రొక్కువానిదే బండి

రైలు ఐదువందల మైళ్లు మోసికొని వచ్చిన సరకును, లారీ రాత్రియెల్ల పరుగెత్తి తెచ్చిన బస్తాను తుదకు దుకాణపు గడపకు చేర్చునది మనుష్యుని కాలిపిక్కయే. ఆటో ట్రాలీలు వచ్చిన తరువాతను, అవి దూరలేని సందులలోను, వాటి కిరాయికి తగనంత చిన్న సరకునకును ఈ మాట నిజమై యున్నది. జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని ఆ కడపటి అరమైలు హమాలీ భుజము మీదను, తోపుడుబండి మీదను, మూడుచక్రముల రిక్షాట్రాలీ మీదను సాగుచుండును. రైలును గూర్చి సభలలో గంటలకొలది వాదింతుము. ఈ బండిని గూర్చి ఒక్క నిమిషమైనను తలపోయము. ఏ సరకునకు ఏ బండి తగును? ఆ బండి ఎవరిదై యుండవలెను? ఈ రెండు ప్రశ్నలను పట్టణవాసుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

బరువు మోయుట యనగానే ఈ ప్రాంతమువారికి వెట్టి జ్ఞప్తికి రాక మానదు. నిజాము పాలనలో దొర సామానును, అధికారి సామానును పేదవాడు కూలి లేకయే తలకెత్తుకొని ఊరూరికి నడచెడివాడు. నేటి జనగామ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగినదియు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విడువక నిలిచినదియు ఆ బానిస బ్రతుకును తుదముట్టించుటకే గదా! 'దున్నేవానిదే భూమి' యను కేక నాటి పోరాటమున మారుమ్రోగెను. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము నాగటి వెనుక నడచువానికిని భూమిపై హక్కు గలదని ఒప్పుకొనెను. పొలములో ఒప్పుకొన్న ధర్మమును పట్టణపు వీధిలో ఏల మరచితిమి? పెడలు త్రొక్కువాడొకడు, బండి మరియొకనిది. ప్రొద్దున తొలి బేరము దొరకక మునుపే నాటి కిరాయి బాకీ నెత్తిన గూర్చుండును. వెట్టి పోయినది, దాని నీడ పూర్తిగ పోలేదు.

ఇక బండ్లను పోల్చి చూతము. సాధారణపు సైకిలు తాను ఇరువది కిలోల బరువుండి, క్యారియరు మీద నలుబది ఏబది కిలోలను మోయును. పాలక్యాన్లకు, బట్టల మూటకు, నిండిన వంట గ్యాసు సిలిండరునకు ఇది చాలును. ఎంత ఇరుకు సందైనను దానికి రాజబాటయే. అంతకు మించి వేసినచో బరువంతయు వెనుక చక్రము మీద పడి, పుల్లలు తెగి, ముందు చక్రము నేలను పట్టదు. తోపుడుబండి నిలిచి అమ్ముకొనువానికి దుకాణము వంటిది. కూరగాయలకు, పండ్లకు దానిని మించినది లేదు. కాని దూరము పోవుటకు అది నత్త. రిక్షాట్రాలీ రెండుమూడు క్వింటాళ్ల సరకును ఒక్కమారు తరలించును. మన పట్టణములకు ఇదియే ముఖ్యమైన బరువుబండి. అత్యంతము నిర్లక్ష్యమునకు గురియైనదియు ఇదియే.

ఏలయన, దాని నిర్మాణమును జూడుడు. అనేక ట్రాలీలలో గేరు ఒక్కటియే, బ్రేకు ముందు చక్రమునకు మాత్రమే. బండి, సరకు, మనిషి కలిసి 300 కిలోలనుకొందము. నున్నని సమతలపు దారిలో ఆ బరువును కదలించి యుంచుటకు మూడు నాలుగు కిలోల బలము సరిపోవును. నూరడుగులకు మూడడుగులు లేచు ఎక్కుడు వచ్చినంతనే బరువే మరి తొమ్మిది కిలోల బలముతో వెనుకకు లాగును. దినమంతయు పనిచేయు మనుష్యుని శక్తి అశ్వశక్తిలో సుమారు పదియవ వంతు. ఆ శక్తితో ఆ యెక్కుడున గంటకు మైలున్నరకు మించి సాగుట వాని తరము గాదు. ఒంటి గేరుతో అంత మెల్లగ త్రొక్కుట యసాధ్యము గనుక అతడు దిగి, నడుము వంచి, బండిని ఈడ్చును. దిగుడున పరిస్థితి మరియు కష్టము: మూడు క్వింటాళ్ల వేగమును ముందరి చక్రపు రబ్బరు ముక్కలు ఎట్లు ఆపగలవు? చిన్న గేరొకటి, వెనుక చక్రములకు బ్రేకొకటి అమర్చిన ఈ బాధలో సగము తీరును. ఇవి అందరాని అద్భుతములు గావు; పట్టణపు వెల్డింగు దుకాణమును, సైకిలు మిస్త్రీయు కలిసి చేయగల పనులే.

ఇతర దేశములవారు ఈ విషయమున ఊరకుండలేదు. డెన్మార్కువారు 1920లలోనే హ్యాండిలునకును ముందు చక్రమునకును నడుమ పొడవైన పలక గల సైకిలును కల్పించిరి. బరువు రెండు చక్రముల నడుమ, నేలకు దగ్గరగ నిలుచుటచే బండి తూలదు. ఆసియాలో ఇంతకంటె గొప్ప నిదర్శనము గలదు. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధమున వియత్నాం ప్రజలు మామూలు సైకిళ్ల మీదనే ఒక్కొక్కదానిపై 200 కిలోలకు మించిన బియ్యమును, మందుగుండును కొండదారుల వెంట తరలించిరి. హ్యాండిలునకు వెదురుకర్ర కట్టి పొడిగించి, సీటుగొట్టమున మరియొక కర్ర నిలిపి, ఎక్కి త్రొక్కక ప్రక్కన నడచుచు నెట్టిరి. పనిముట్టును తన పనికి తగినట్లు మార్చుకొనగలిగిన జాతిని ఫ్రెంచి సేనలు నిలువరింపలేకపోయెను.

మూడు పట్టణములకును ఒక్క బండియే తగునని చెప్పుట అవివేకము. జనగామ హైదరాబాదు-వరంగల్లు మార్గమున, రైలుదారిపై నున్న వర్తక పట్టణము. స్టేషనునకు, మార్కెట్టునకు, బజారునకు నడుమ తిరుగు చిల్లర సరకునకు గేరు గల ట్రాలీ అన్నివిధముల తగినది. ప్రక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకును దేవాలయ శోభగా మలచు లోహశిల్పులు గలరు. లోహము మెలకువ తెలిసిన సీమలో మంచి బండి తయారు కాదనువారెవ్వరు? మన పెద్దలు మానుకోట యని పిలుచు మహబూబాబాదు మిరప సీమ. ఎండుమిర్చి బస్తాకు పరిమాణ మెక్కువ, బరువు తక్కువ. కావున అచట ట్రాలీ పలక వెడల్పుగను, ప్రక్కకమ్ములు ఎత్తుగను ఉండవలెను. తూకమును బట్టి కూలి నిర్ణయించుట అచట అన్యాయమే యగును.

భూపాలపల్లి మార్గము వేరు. అది రైలు చేరని బొగ్గుగనుల పట్టణము. పెద్దబాటపై బొగ్గులారీలు నడచును. వాని నడుమ మెల్లగ సాగు ట్రాలీకి ప్రాణభయము తప్పదు. కాలనీల లోపలి వీధులకు ట్రాలీని, పెద్దబాట దాటి పోవలసిన చోట్లకు బ్యాటరీ బండిని ఉపయోగించుట యుక్తము. 2015లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణ 4000 వాట్లకు మించని బ్యాటరీ సరకుబండిని ప్రత్యేకముగ గుర్తించినది. అట్టి బండికి ఒకమారు నింపుటకు సుమారు 5 యూనిట్ల విద్యుత్తు చాలును. ఆ చెంతనే చెల్పూరులో 1100 మెగావాట్ల విద్యుత్కేంద్రము వెలుగుచుండగా, ఆ బొగ్గు త్రవ్విన ఊరి బరువును ఆ విద్యుత్తు మోయుట న్యాయమే గదా!

మనుష్యుడు బండి త్రొక్కుటయే అమానుషమని, దానిని నిషేధింపవలెనని కొందరు దయాళువు లందురు. మనిషిని మనిషి చేతితో లాగు రిక్షాలను మాథెరానులో ఆపవలెనని 2025లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించుట సమంజసమే. కాని సరకు త్రొక్కుటలో అవమాన మేమియు లేదు. అవమానము చెడ్డ బండిలో నున్నది, పరుని బండిలో నున్నది. వేరు జీవనము చూపక బండిని మాత్రము లాగికొను దయ ఆకలికి మరియొక పేరు. ఈ సూక్ష్మమును న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరుగారు 1980లోనే గ్రహించిరి. యజమానియే నడుపు రిక్షాలకు తప్ప లైసెన్సు లేదని 1975లో పంజాబులో చట్టము రాగా, కిరాయి రిక్షాలు త్రొక్కు అమృతసరు కార్మికులు తమ కూడు పోవునని కోర్టు కెక్కిరి. న్యాయస్థానము చట్టమును కొట్టివేయక, కార్మికులను త్రోసివేయక, వారికి అప్పు లభించి వారే యజమానులగు మార్గమును ఏర్పరచినది.

లెక్క జూచినను ఇదియే మేలు. దినమునకు 50 రూపాయల కిరాయి యనుకొన్న, ఏటికి 300 పనిదినములకు 15,000 రూపాయలగును. అంత సొమ్ము ఏటేట చెల్లించియు అతనికి ఒక్క పుల్ల యైనను సొంతము గాదు. 2020లో కేంద్ర ప్రభుత్వము వీధివర్తకులకై నెలకొల్పిన స్వనిధి పథకము 10,000 రూపాయల తొలి అప్పుతో ఆరంభమైనది. 2014 నాటి వీధివర్తకుల చట్టము తోపుడుబండివానికి పట్టణ కమిటీలో స్థానమిచ్చినది. నూటికి నలువదిమందికి తక్కువ గాకుండ ఆ సభ్యులు వర్తకులే కావలెనని విధించినది. సరకు అమ్మువానికి దొరికిన ఈ మర్యాద ఆ సరకును మోసి తెచ్చువానికి దొరకవలదా?

కావున మా సూచనలు ఇవి. ప్రతి పురపాలక సంఘమును తన పట్టణమున బరువుబండ్లు త్రొక్కువారి పట్టికను తయారుచేసి, వారికి గుర్తింపు చీటీ లీయవలెను. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద వారు సంఘముగ నేర్పడవలెను. కిరాయిగ పోవు సొమ్మే వాయిదాలై ఏడాది రెండేండ్లలో బండి వెల తీరవలెను. గేరును, వెనుక బ్రేకును లేని క్రొత్త బండికి సంఘము సొమ్ము పెట్టరాదు. మార్కెట్టు కమిటీలు బండ్లకు నీడయు, త్రాగునీరును, నిలుపు తావును కల్పింపవలెను. వర్తకులు బస్తాకింతయని కూలిపట్టీ వ్రాసి దుకాణము ముందు వ్రేలగట్టవలెను. వీనిలో దేనికిని ఢిల్లీ అనుమతి యక్కరలేదు.

స్వాతంత్ర్యమునకు పూర్వము సైకిలు ఇంగ్లండు నుండి ఓడ నెక్కి వచ్చెడిది. 1949లో మద్రాసున కర్మాగారము వెలసిన పిమ్మట, లూధియానా పట్టణము సైకిళ్ల పుట్టినిల్లయిన పిమ్మట, బండి స్వదేశీయమైనది. సరకు స్వదేశీయము, బండి స్వదేశీయము. దానిని త్రొక్కువాడు మాత్రము ఇంకను తన బండికే పరదేశియై యున్నాడు. వెట్టిని కూల్చిన సీమకు ఈ కొరతను తీర్చుట పెద్ద పని గాదు. జనగామ మొదలిడునా, మానుకోట మొదలిడునా, భూపాలపల్లి మొదలిడునా యనునదే మేమెదురుచూచు వార్త.