గుట్టుగా మింగే మాత్రలు

"ఆడపిల్ల సంగతి, నలుగురికీ తెలిస్తే ఎలా?" ఈ ఒక్క మాట చాలు, మన ఇళ్లలో ఎన్నో జబ్బులు డాక్టరు దాకా వెళ్లకుండా ఉండిపోవడానికి. పిసిఓఎస్ కూడా అలాంటిదే. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంది. మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు, తలమీద జుట్టు పలచబడటం. పెళ్లి కావలసిన పిల్ల కదా అని తల్లి గుట్టుగా మెగ్నీషియం, జింక్, క్రోమియం, సెలీనియం మాత్రల డబ్బా కొనుక్కొస్తుంది.

ఈ మధ్య మా ఎదురింటావిడ అలాంటి డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి "వాడొచ్చంటారా?" అంది. నేను డాక్టర్ని కాను. లేబుల్ మాత్రం చదవగలను కదా! 'ఔషధంగా వాడటానికి కాదు' అని ఉంది. ఇలాంటి పోషక ఉత్పత్తుల మీద ఆ మాట వేసి తీరాలని 2016 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. మనమే చూడం.

ఖనిజాలు పనికిరావని నేననడం లేదు. ఈ సమస్య ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. మెగ్నీషియం, క్రోమియంలకు ఇన్సులిన్ పనితో సంబంధం ఉంది. అందుకే పరిశోధనలు జరిగాయి. కానీ అవి చాలావరకు చిన్నవి, ఫలితాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మంచి తిండికీ, వ్యాయామానికీ పెద్దపీట వేశాయి.

పైగా ఎక్కువైతే కీడే. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత రావచ్చు. సెలీనియం మితిమీరితే జుట్టు ఊడుతుంది. జుట్టు కోసం మింగిన మాత్రే జుట్టుకు ఎసరు పెడుతుందన్నమాట! థైరాయిడ్ మాత్రతోపాటే మెగ్నీషియం వేసుకుంటే ఆ మాత్ర సరిగా ఒంటబట్టదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీ జబ్బులున్నవాళ్లు, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా వీటి జోలికి పోకూడదు.

నువ్వులు, గుమ్మడి గింజలు, శనగలు, రాగులు, తోటకూర మన వంటింట్లోవే. మెగ్నీషియం, జింక్ వాటిలోనూ ఉన్నాయి.

అసలు నష్టం డబ్బులది కాదు, కాలానిది. ఈ సమస్య ఉన్నవారిలో 70 శాతం దాకా తమకు ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పట్టించుకోకపోతే షుగరు, బీపీ వచ్చే అవకాశం పెరుగుతుంది. నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమై, ముందుముందు క్యాన్సరుకూ దారితీయవచ్చు. థైరాయిడ్ తేడా వల్లా నెలసరి తప్పవచ్చు. అది రక్తపరీక్షలో తేలుతుంది గానీ డబ్బా మీది బొమ్మలో కాదు.

అమ్మలూ, అత్తలూ! అమ్మాయికి వచ్చింది జబ్బే గానీ మచ్చ కాదు. మాత్రల డబ్బా కొనే ముందు ఆ పిల్లను డాక్టరుకు చూపించండి. దాచుకోవలసినంత తప్పు తనేం చేసిందని?